టెక్నో ట్రాకులకు పెద్ద లేబుల్ కాంట్రాక్టు: మాస్టర్స్ (అసలు రికార్డింగుల హక్కులు) రాసిచ్చేయాలా, లైసెన్స్‌కి ఇవ్వాలా?

హైదరాబాద్‌లో ఇద్దరం కలిసి టెక్నో (ఒక రకం ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం) చేస్తాం. ఒక పెద్ద లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) నాలుగు ట్రాకులకు కాంట్రాక్టు పంపింది. తెలిసినవాళ్లు చూసి చెప్పగలరు.

అడ్వాన్స్ 3 లక్షలు, రాయల్టీ 18 శాతం. అడ్వాన్స్, వీడియో ఖర్చు మా వాటాలోంచే రాబట్టుకుంటారు. అసలు మెలిక ఇక్కడే. వీడియోకి 2 లక్షలు అనుకున్నా, మొత్తం 5 లక్షలు తీరాలంటే ట్రాకులు దాదాపు 27.8 లక్షలు సంపాదించాలి. మన టెక్నోకి అంత వచ్చే పనేనా?

మాస్టర్స్ శాశ్వతంగా, ప్రపంచమంతటికీ రాసిమ్మంటున్నారు. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీకి గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వీళ్లు రెండూ రాసేశారు కాబట్టి ఆ వెసులుబాటు మాకు లేదు. బదులుగా 7 ఏళ్ల ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ (హక్కు మాదే, ఆ గడువు వరకు వాడుకునేది వాళ్లు మాత్రమే) అడిగి సాధించినవాళ్లు ఉన్నారా? స్వరకర్త రాయల్టీకి ఐపీఆర్‌ఎస్ (స్వరకర్తలు, గీత రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యత్వం సంతకానికి ముందే తీసుకోవడం మేలా?

ఇంకోటి. ఒక ట్రాకులో పాత రికార్డు నుంచి కోసిన 4 సెకన్ల డప్పు లూపు (పదే పదే తిరిగే ముక్క) ఉంది. కేసు పడితే భారం మాదేనని క్లాజు. "కొన్ని సెకన్లే కదా" అంటే చట్టం ఊరుకోదు. డప్పు కళాకారులతో కొత్తగా వాయింపించి రికార్డు చేస్తే మాస్టర్ గొడవ తప్పుతుంది, సరే. బాణీ హక్కు మాటేమిటి?

వేరే పేరుతో బ్యాండ్‌క్యాంప్‌లో (కళాకారులే నేరుగా ట్రాకులు అమ్ముకునే సైట్) పెట్టుకునే ట్రాకులను మినహాయించాలంటే క్లాజు ఎలా రాయించాలి? ఇలాంటి కాంట్రాక్టులు చదివే లాయర్లు ఇక్కడ ఎంత తీసుకుంటారు?