గ్యాస్ అలారం పైనా కిందా?

వంటగదికి గ్యాస్ లీక్ అలారం, సింక్ కిందకి నీళ్ల లీక్ సెన్సార్ కొన్నా. ఎలక్ట్రీషియనేమో గ్యాస్‌ది సీలింగ్ దగ్గర బిగిస్తానంటున్నాడు, అమ్మకి వాసన సరిగ్గా తెలీదు అందుకే టెన్షన్, కరెక్టేనా?

— పైన వద్దు బ్రో. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, కిందకి దిగి నేలంతా పాకుతుంది, నేలకి అడుగు ఎత్తులో పెట్టించు. పైపు గ్యాస్ అయితే పైనే, అది తేలిక.

— స్టవ్‌కి మరీ దగ్గరొద్దు, తాలింపు వేసినప్పుడల్లా మోగుద్ది, మావాళ్లు విసుగొచ్చి ప్లగ్గే పీకేశారు 😀

— మోగితే లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్‌లు ముట్టుకోవద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి, రెగ్యులేటర్ ఆపేసి కిటికీలు తీసి బయటికొచ్చాకే గ్యాస్ లీక్ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్. నీళ్ల సెన్సార్ అడుగున పిన్నులు నేలకి ఆనాలి, తడిగుడ్డ తగిలినా అరుస్తుంది మరి.