దుఃఖాంతం: దుఃఖంతో ముగియడమా, దుఃఖం ముగియడమా?

ప్రశ్న:
కథ చివర ఏడిపించాలా, కలిపెయ్యాలా అని ఇంట్లో తగువు వచ్చినప్పుడల్లా సుఖాంతం, విషాదాంతం, దుఃఖాంతం అన్న మూడు మాటలూ దొర్లుతుంటాయి. వారాంతం అంటే వారం అయిపోవడం. ఆ లెక్కన సుఖాంతం అంటే సుఖం అయిపోవడం కావాలి కదండీ?

జవాబు:
విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి అర్థం చెప్పే వాక్యం, రాసి చూడండి. వారాంతం, దినాంతం, యుగాంతం షష్ఠీ తత్పురుషాలు: వారం యొక్క అంతం. సుఖాంతం ఆ జాతి కాదు. ‘సుఖం అంతమందు కలది’, బహువ్రీహి: అందులోని మాటలను కాక, వాటిని కలిగిన మరోదాన్ని చెప్పే సమాసం. ఉకారాంతం, హలంతం (హల్లుతో ముగిసేది), అజంతం (అచ్చుతో ముగిసేది) దీని తోబుట్టువులు. తెలుగును అజంత భాష అంటే అచ్చులు అంతరించిన భాష అని కాదుగా, మాటలు అచ్చుతో ముగిసే భాష అని! వారాంతం, సుఖాంతం రెండింట్లోనూ సవర్ణదీర్ఘ సంధే కాబట్టి రూపం చూసి పోల్చుకోలేం. దేన్ని గురించి అన్నారో చూడాలి. కథ, నాటకం, నవల వంటి విశేష్యం ఉంటే బహువ్రీహి. ‘కథ సుఖాంతమైంది’ అన్నా అంతే.

మరొకరు:
దుఃఖాంతం దగ్గర మాత్రం జాగ్రత్త. పాశుపతం అనే శైవ దర్శనం చెప్పే ఐదు పదార్థాలు (మూల తత్త్వాలు) కార్యం, కారణం, యోగం, విధి, దుఃఖాంతం. అక్కడ దుఃఖాంతం అంటే మోక్షం! నా ఓటు విషాదాంతానికే.

ఇంకొకరు:
‘దుఃఖాంత నాటకం’ అని రాస్తే ఎవరూ మోక్షం అనుకోరండీ.

మొదటి జవాబు ఇచ్చినవారు:
నాటకం పక్కనుంటే అనుకోరు, నిజమే. ‘అన్నీ కష్టాలే, చివరికి దుఃఖాంతం’ అని ఒంటరిగా వదిలితే చిక్కు. కష్టాలు తీరాయా, మిగిలాయా?

అయితే ఇంట్లో తగువు చాలాసార్లు ఈ మాటల వల్ల రాదు. రసాన్నీ (కథ కలిగించే అనుభూతినీ) అంతాన్నీ ఒకటనుకోవడం వల్ల వస్తుంది. భవభూతి సంస్కృత నాటకం ఉత్తరరామచరితం తీసుకోండి. మూడో అంకంలో నదీదేవత తమస ‘ఏకో రసః కరుణ ఏవ’ అంటుంది, ఉన్న రసం కరుణ (శోకం) ఒక్కటేనని. ఏడో అంకంలో సీతారాములు కలుస్తారు. వాల్మీకి ఉత్తరకాండలోనేమో సీత భూమిలోకి వెళ్లిపోతుంది. అంటే భవభూతిది కరుణరస ప్రధానమైన సుఖాంత నాటకం. ‘ఆసాంతం ఏడిపించింది, సుఖాంతమేమిటి?’ అనే అమ్మ రసం గురించి చెబుతోంది. ‘చివరికి కలిశారుగా’ అనే కొడుకు అంతం గురించి చెబుతున్నాడు. ఇద్దరి మాటా నిజమే. వాదనకు దిగేముందు దేని గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుంటే సగం తగువు ఉండదు.

మరొకరు:
విషాదం అన్న మాటనూ చావుతో ముడిపెట్టకూడదు. ‘సద్’ ధాతువుకు ‘వి’ చేరిన మాట అది, కుంగిపోవడం అని అర్థం. గీతలో మొదటి అధ్యాయం అర్జున విషాదయోగం. అప్పటికింకా ఒక్క బాణమూ పడలేదు, కుంగింది అర్జునుడి మనసు. కాబట్టి నాయకుడు పోతేనే విషాదాంతం అనే కొలత సరిపోదు. అందరూ బతికే ఉండి, ఎవరికీ ఎవరూ మిగలని కథ కూడా విషాదాంతమే.

అడిగినవారు:
మరి అటూ ఇటూ తేల్చకుండా ఆపేసిన కథను ఏమనాలి?

జవాబు:
అసంపూర్ణం అనకండి, అది లోపాన్ని చెప్పే మాట. ‘ముగింపు చదివేవారికి వదిలేసిన కథ’ అని విడమరచి చెప్పడమే మేలు. ఇంట్లో పిల్లలకు చెప్పేటప్పుడైతే ‘కథ కంచికి, మనం ఇంటికి’ చాలు. అందులో సుఖమూ లేదు, దుఃఖమూ లేదు. కథ అయిపోయిందన్న కబురొక్కటే ఉంది.