పస్కాకి అన్నం తినొచ్చా? పాత ఇంట్లో ఔను, కొత్త ఇంట్లో కాదు

జగిత్యాల చెల్లి, బ్నే బ్రాక్:

అందరికీ నమస్తే. నేను ఇజ్రాయెల్ వచ్చి ఏడాదిన్నర అయింది. మొన్నటిదాకా రమత్ గన్‌లో ఒక సఫ్తా (అవ్వ) దగ్గర కేర్‌గివర్‌గా చేశాను. బాగ్దాద్‌లో పుట్టి 1951లో విమానంలో వచ్చిన మనిషి. పోయిన పస్కాకి, అంటే పులిసినది తినని యూదుల వారం పండగకి, నా చేత బియ్యం మూడుసార్లు ఏరించింది. తర్వాత పండగ వారమంతా ఇద్దరం అన్నమే తిన్నాం. ఆమె పోయాక ఏజెన్సీ వాళ్ళు ఈ ఇంటికి పంపారు. ఇక్కడ సబా (తాత), సఫ్తా ఇద్దరూ ఉన్నారు, పోలండ్ కుటుంబం. పండగకి ఇంకా మూడు వారాలుంది, అప్పుడే నా బియ్యం సంచీ, పెసరపప్పు డబ్బా చూసి సఫ్తా "లో, లో" (హీబ్రూలో వద్దు, వద్దు) అంటోంది. పాత ఇంట్లో వాళ్ళ విశ్రాంతి రోజైన శనివారం కూడా టీవీ నడిచేది. ఇక్కడ ఆ రోజు తలుపు తీస్తే వెలగకుండా ఫ్రిజ్‌లో బల్బు కూడా ముందే తీసేస్తారు.

ఇంకోటి. మొన్న శుక్రవారం రాత్రి సబాకి వైన్ పోసి ఇచ్చాను. ఆయన ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టి, వేరే సీసా తెప్పించుకున్నాడు. మా ఊళ్ళో చూసినవన్నీ గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు ఇళ్ళూ యూదులవే కదా. ఎవరు సరిగ్గా చేస్తున్నట్టు?

నెతన్యా నుంచి:

గట్టిగా ఆచారం పాటించే బ్నే బ్రాక్ వాళ్ళే అసలు యూదులమ్మా. మిగతావాళ్ళు పేరుకే. జాగ్రత్తగా ఉండు.

హైఫా అన్న:

తమ్ముడూ, ఆ మాట రమత్ గన్ సఫ్తా వినుంటే కర్ర తీసుకునేది. వాళ్ళ పెద్దలు బాబిలోను (ఇప్పటి ఇరాక్) చెరకి వెళ్ళింది రెండున్నర వేల ఏళ్ళ కిందట. ఇక్కడి రబ్బీలు (మతగురువులు) రోజూ చదివే బాబిలోనియా తల్మూద్ అనే ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తయారైంది కూడా ఆ ఇరాక్ నేల మీదే. ఆమె అన్నం తిన్నది ఆచారం వదిలేసి కాదు, తన ఆచారం ప్రకారమే.

చెల్లీ, పస్కాకి నిషేధం పులిసిన దానికి. గోధుమ, బార్లీ లాంటి అయిదు ధాన్యాలకే అది వర్తిస్తుంది. అయితే ఐరోపా యూదులు, అంటే అష్కెనాజీలు, మధ్యయుగాల నుంచి బియ్యం, పప్పులు, బఠాణీలు కూడా మానేశారు. గోధుమ గింజ కలిసిపోతుందేమోనని భయం. ఇరాక్ వాళ్ళు అదే భయానికి మూడుసార్లు ఏరి తింటారు. మొరాకో వాళ్ళల్లో పప్పు తిని బియ్యం మానేసే ఇళ్ళూ ఉన్నాయి.

16వ శతాబ్దంలో సఫెద్‌లో యోసెఫ్ కారో అనే రబ్బీ ఆచారాలన్నీ కలిపి ఒక గ్రంథం రాసి, 'వడ్డించిన బల్ల' అని పేరు పెట్టాడు. క్రాకోవ్‌లో మోషే ఇస్సర్లెస్ చదివి, మా ఐరోపా పద్ధతులు ఇందులో లేవే అని పక్కన తన మాటలు చేర్చాడు. దాని పేరు 'బల్ల మీద గుడ్డ'. ఈ రోజుకీ రెండూ ఒకే పేజీలో అచ్చవుతాయి. వంటింట్లో నీకిది రోజూ తగులుతుంది. యూదులు కానివాళ్ళు వండింది తినే విషయంలో, పొయ్యి తాము వెలిగిస్తే చాలు, మిగతాది నువ్వు వండొచ్చు అంటారు అష్కెనాజీలు. కారో మాట పాటించే ఇళ్ళల్లో గిన్నె కూడా వాళ్ళే పొయ్యి మీద పెట్టాలంటారు. కాబట్టి సఫ్తా వచ్చి స్టవ్ తిప్పి వెళ్ళిపోతే నీ వంట మీద నమ్మకం లేక కాదు.

వైన్ సంగతి. నీకు బాధ కలగడం తప్పని నేనను. నాకూ మొదటి ఏడాది అదే జరిగింది, మూడు రోజులు ముభావంగా ఉన్నాను. యూదులు కానివాళ్ళు ముట్టిన వైన్ తాగకూడదన్నది విగ్రహాల ముందు వైన్ పోసే కాలం నాటి నియమం. గట్టిగా పాటించే ఇళ్ళల్లో, శనివారం కారు నడిపే సొంత మనవడు పోసినా తాగరు. కాచిన వైన్‌కి ఈ పట్టింపు లేదు, సీసా మీద 'మెవుషాల్' అని ఉంటుంది. అది తెప్పించమని వాళ్ళ పిల్లలతో చెప్పు. మా ఇంట్లో అలాగే సర్దుకుంది.

నల్లకోట్లు వేసుకునే వాళ్ళంతా ఒకటే అనుకోకు. బ్నే బ్రాక్‌లో హసీదులూ ఉన్నారు, లితాయిలూ ఉన్నారు. 18వ శతాబ్దంలో ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో బాల్ షెమ్ తోవ్ వెనక వచ్చిన వాళ్ళు హసీదులు. పాట, ఆనందం, గురువు మీద భక్తి వాళ్ళ దారి. లితాయిల పెద్దలు, అంటే చదువే ముఖ్యమన్న లిథువేనియా పండితులు, 1772లో వాళ్ళని వెలివేశారు. ఇప్పుడు పక్కపక్క వీధుల్లో ఉంటారు, సంబంధాలు కలుపుకోవడం మాత్రం తక్కువ. శనివారం సబా బొచ్చు టోపీ పెడితే హసీదు ఇల్లు. అప్పుడు ఏ రెబ్బె (హసీదుల గురువు) వాళ్ళో అడిగి తెలుసుకో, గోడ మీద ఫొటో ఆయనదే. వేరే పాత ఫొటోలు కూడా ఉంటే, వాటి గురించి వాళ్ళు చెబితే విను, నువ్వుగా అడగకు. పోలండ్‌లో 30 లక్షల మంది యూదుల్ని చంపేశారు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ప్రాణం మీదికొస్తే షబ్బాత్, అంటే శనివారపు విశ్రాంతి నియమం, అడ్డు రాదు. ఎంత గట్టి ఇల్లైనా సరే, 101కి ఫోన్ చెయ్యి, అంబులెన్స్ వస్తుంది. మామూలప్పుడు షబ్బాత్ నాడు ఫలానా పని చెయ్యమని నోటితో అడగరు, "గది ఉక్కగా ఉంది" అంటారు. ఏసీ వెయ్యమని అర్థం.

హోలోన్ నుంచి, కోనసీమ అక్క:

మాది చర్చి కుటుంబం. సండే స్కూల్లో పరిసయ్యులంటే వేషధారులని నేర్చుకున్నాం. ఆ మాట నేను ఒక సఫ్తా కూతురితో నవ్వుతూ అనేసి చీవాట్లు తిన్నాను. యేసు కాలంలో యూదుల్లో ఎన్నో గుంపులట, పరిసయ్యులు అందులో ఒకటి. సద్దూకయ్యులు యెరూషలేము ఆలయ పూజారుల వైపు వాళ్ళు, మృతుల పునరుత్థానం లేదనేవారు. ఎస్సేనులు వేరుగా, సన్యాసుల్లా బతికేవారు. క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చాక పరిసయ్యుల దారే నిలబడింది, నేటి రబ్బీలు ఆ కొమ్మే. ఆ పేరు తిట్టుగా వాడొద్దు.

మా హోలోన్‌లో సమరయులు, అంటే యూదులకి దగ్గరి వేరే పాత శాఖ వాళ్ళు, ఉన్నారు తెలుసా? బైబిల్లో మంచి సమరయుడు, ఆ సమరయులే! కొన్ని వందల మందే మిగిలారు. వాళ్ళకి పవిత్ర స్థలం యెరూషలేము కాదు, గెరిజీము కొండ. పస్కాకి ఇప్పటికీ అక్కడ గొర్రెల్ని బలి ఇస్తారు.

రమ్లా నుంచి:

మా దగ్గర కరాయీలనే యూదులు ఉన్నారు, ఎక్కువగా ఈజిప్టు నుంచి వచ్చినవాళ్ళు. తల్మూద్ ఒప్పుకోరు, హీబ్రూ బైబిల్లో ఉన్నదే ప్రమాణం అంటారు. దీపాల పండగ హనుక్కా చెయ్యరు, అది అందులో లేదట. వాళ్ళ గుడిలోకి వెళ్ళేముందు చెప్పులు విప్పాలి, లోపల సాష్టాంగపడతారు. నాకు ఒక్క క్షణం ఇంటికెళ్ళినట్టనిపించింది.

అష్డోద్ నుంచి:

మన దేశం యూదుల్ని మర్చిపోయారు. నా పక్క ఫ్లాట్‌లో కొంకణ్ నుంచి వచ్చిన బెనె ఇజ్రాయెల్ కుటుంబం ఉంది, ముసలాయన మరాఠీ మాట్లాడతాడు. గానుగ ఆడే కులంగా బతుకుతూ శనివారం పని మానేసేవాళ్ళని వాళ్ళ ఊళ్ళల్లో 'శనివార్ తేలీ'లు (శనివారం గానుగవాళ్ళు) అనేవారట. ఇక్కడికొచ్చాక 1960ల మొదట్లో పెళ్ళిళ్ళకి రబ్బీలు వంశం ఆరా తీశారు. దాంతో వీళ్ళు ధర్నాలు చేశారు. 1964లో ప్రభుత్వం వీళ్ళు అన్ని విధాలా యూదులే అని తేల్చింది. చెల్లి వైన్ గ్లాసు దగ్గర ఊరు గుర్తొచ్చిందంది కదా. కొచ్చిలో పరదేశీ యూదులు, అంటే బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు, ఒకప్పటి బానిసల వంశం అన్న యూదుల్ని తమతో సమానంగా చూడలేదు. దాని మీద గుడిలోనే సత్యాగ్రహం చేసిన సేలం అనే లాయరుని యూదు గాంధీ అన్నారు. హైఫా అన్న నియమం అని చెప్పింది నిజమే, కానీ అన్నీ నియమాలు కావు.

హైఫా అన్న:

ఒప్పుకుంటాను.

తెల్ అవీవ్ నుంచి, గుంటూరు జిల్లా:

మా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు. మాదిగ కుటుంబాలు. 1991లో సినగాగ్ (యూదుల గుడి) పెట్టుకున్నారు. ఇజ్రాయెల్ ఇంకా వాళ్ళని గుర్తించలేదు. మణిపూర్, మిజోరం నుంచి బ్నే మెనాషే అనే గుంపు వాళ్ళు మాత్రం వస్తున్నారు, 2005లో వాళ్ళకి రబ్బీల ఆమోదం కూడా దొరికింది. ఎవరు యూదుడు అన్నది ఇక్కడ ఆఫీసుని బట్టి మారుతుంది. తాతయ్యో అమ్మమ్మో ఒక్కరు యూదులైనా వలస చట్టానికి చేసిన 1970 సవరణ ప్రకారం పౌరసత్వం వస్తుంది. పెళ్ళికి మాత్రం రబ్బీలు తల్లి యూదురాలా అని చూస్తారు. మా యజమాని మనవడు రష్యా అమ్మాయిని సైప్రస్ వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చాడు, ఇక్కడ కుదరదని. ఆ అమ్మాయి ఆర్మీలో రెండేళ్ళు చేసింది!

జగిత్యాల చెల్లి, బ్నే బ్రాక్:

అందరికీ థ్యాంక్స్. నిన్న సఫ్తా కోడలు వస్తే అడిగాను. ఆమె పుట్టిల్లు యెమెన్ వాళ్ళది. చిన్నప్పుడు పస్కాకి అన్నం తినేదట, పెళ్ళయ్యాక అత్తింటి ఆచారమని మానేసిందట. "నీకు లేని బాధ నాకుంది" అని నవ్వింది. బియ్యం, పెసరపప్పు నా గదిలో, నా సొంత కుక్కర్లో వండుకోవచ్చట. గోధుమపిండి, ఉప్మా రవ్వ, సేమియా మాత్రం ఇంట్లో ఉండకూడదు. ఉగాదికి బొబ్బట్లు చేసుకుంటే పండగ ముందే అయిపోవాలంది. వైన్ సంగతి కూడా చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు కాచిన సీసాలు రెండు తెస్తానంది.

ఒక్క డౌటు. ఇంగువ డబ్బాలో గోధుమపిండి కలుపుతారని ఎవరో అన్నారు, నిజమేనా?

హైఫా అన్న:

చాలావాటిలో కలుపుతారు. డబ్బా వెనక చూడు. ఉంటే పండగ అయ్యేదాకా మా ఇంటికి పంపించు, సగమైనా తిరిగిస్తాను.