పాత పెంకుటిల్లు విప్పుతున్నాం: ఏం దాచుకోవాలి, ఏం వదిలేయాలి?

కొల్లిపర అబ్బాయి:
అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మా ఊళ్లో తాతగారు కట్టిన పెంకుటిల్లు ఉంది. సున్నంతో కట్టిన ఎర్ర ఇటుక గోడలు, టేకు దూలాలు, మంగుళూరు పెంకు, వసారాలో కడప బండలు. వెనక వంటగది మాత్రం 1980ల్లో నాన్న సిమెంటుతో కట్టించి స్లాబు వేయించారు. ఇప్పుడు ఒక గోడ కుంగింది, వాసాలకి చెదలు పట్టాయి. అమ్మ ఒక్కతే అందులో ఉండడం ఇక కుదరదు. అదే స్థలంలో పిల్లర్లతో రెండు గదుల ఇల్లు కడదామనుకుంటున్నాం.

పాత సామాను కొనే అతను వచ్చి, మొత్తం గుత్తకి ఇచ్చేయమన్నాడు. జేసీబీతో పడగొట్టి చదును చేసి ఇస్తాడట. మేస్త్రీ కూడా "పాత ఇటుకతో కొత్త ఇల్లేంటండీ" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. బాగున్న ఇటుకని మట్టిలో తొక్కించి, బట్టీలో కాల్చిన ఇటుక మళ్లీ డబ్బు పెట్టి కొనడం అన్యాయంగా ఉంది. నిజంగా ఏవి పనికొస్తాయి?

బెజవాడ సైట్ ఇంజనీర్:
గుత్తకి ఇవ్వకండి. మీ గోడలు సున్నంతో కట్టినవి కాబట్టి చాలా ఇటుక దక్కుతుంది. సున్నం ఇటుక కంటే మెత్తన. పైవరస నుంచి గడ్డపారతో లేపుకుంటూ వస్తే ఇటుక నిండుగా వస్తుంది, అంటుకున్న సున్నం తాపీ అంచుతో గీకితే రాలిపోతుంది. సిమెంటు అలా కాదు. దాని పట్టు ఇటుక కంటే గట్టిది, విడదీయబోతే ఇటుకే పగులుతుంది. కాబట్టి వంటగది గోడల మీద ఆశ పెట్టుకోకండి. జేసీబీ తగిలితే మాత్రం సున్నం గోడైనా, సిమెంటు గోడైనా మిగిలేది ముక్కలే.

కూలి రోజు లెక్కన మాట్లాడకండి. శుభ్రం చేసి పేర్చిన నిండు ఇటుకకి వెయ్యికి ఇంత అని మాట్లాడండి. అప్పుడు పగలకుండా చూసుకునే బాధ్యత వాళ్లే తీసుకుంటారు.

తీసిన ఇటుకలు రెండు తట్టి చూడండి, ఖంగుమనాలి. కొన్నిటిని ఆరబెట్టి తూకం వేసి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూయండి. మామూలు ఇటుకకి బరువు 20 శాతానికి మించి పెరగకూడదని ఇటుకలకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 చెబుతుంది. నేలకి దగ్గరగా ఉన్న వరసల్లో ఉప్పు పొంగి పొడి రాలుతున్న ఇటుకని ఎంత ముద్దొచ్చినా వాడకండి, కొత్త ప్లాస్టరింగ్‌ని కూడా ఊడగొడుతుంది.

పిల్లర్ల ఇంట్లో స్లాబు బరువు పడేది పిల్లర్లు, బీములు కలిసిన ఫ్రేము మీద. గోడ తన బరువు తాను మోసుకుంటే చాలు. అందుకే మంచి పాత ఇటుక లోపలి గోడలకి నిశ్చింతగా వాడొచ్చు. పునాదికి, సెప్టిక్ ట్యాంకుకి, బాత్రూమ్ గోడలకి వద్దు. పాతది, కొత్తది ఒకే గోడలో కలపకండి, సైజు తేడా వస్తుంది. ఇటుక ముక్కలు మేడ మీద వాన నీళ్లు జారేలా వాటం పోయడానికి పనికొస్తాయి.

పెంకుల గురించి కూడా చెప్పాలి, నాకు బాగా ఇష్టమైన సంగతి. స్లాబు మధ్య భాగంలో కింది వైపు కాంక్రీటు లాగుడుకి ఆగదు, ఆ బలం ఊసలది. ఆ ఊసల గళ్ల మధ్య పెంకులు అమర్చి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు, కంకర తగ్గుతాయి, స్లాబు బరువూ తగ్గుతుంది. దీన్ని ఫిల్లర్ స్లాబ్ అంటారు. కేరళలో లారీ బేకర్ ఈ పద్ధతిలో ఎన్నో ఇళ్లు కట్టారు. డిజైన్ ఇంజనీరు చేత గీయించుకుంటేనే చేయండి, మేస్త్రీ అంచనా మీద వద్దు.

వంటగది స్లాబులోని ఊసల్ని సాగదీసి కొత్త స్లాబులో వేస్తానంటే ఒప్పుకోకండి. తుక్కుకి అమ్మేయండి, కొలిమిలో కరిగి మళ్లీ ఇనుమే అవుతుంది.

వడ్రంగి వారి కుర్రాడు:
అన్నా, దూలాలు ఎవరికీ ఇవ్వొద్దు. పాత టేకు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, కొత్త చెక్కలా వంకర పోదు. సుత్తితో పొడవునా తట్టించు. డొల్ల చప్పుడు వచ్చినచోట లోపల చెదలు తినేసినట్టే, అంతవరకు కోసి తీసేయొచ్చు. మేకులన్నీ పీకించాకే రంపం మిల్లుకి పంపు. ఒక్క మేకు మిగిలినా బ్లేడు పోతుంది, మిల్లువాడు మళ్లీ నీ చెక్క ముట్టుకోడు. దూలాల నుంచి కిటికీ చట్రాలు వస్తాయి. గుమ్మాలు విప్పకుండా ద్వారబంధంతో సహా దించండి. ఆ కొలతలు ముందే ఇంజనీరుకిస్తే ప్లానులో అదే సైజు పెడతాడు. ఇల్లు లేచాక గుమ్మం పట్టలేదని కోయించినవాళ్లని చూశాను, ప్రాణం ఉసూరుమంది.

మల్కాజిగిరి వాసి:
మా హైదరాబాద్‌లో ఇలాంటి శిథిలాలకి జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ప్లాంట్లు ఉన్నాయి. పాత కాంక్రీటుని పిండి చేసి ఇసుక, కంకరగా విడదీస్తారు, పేవర్ బ్లాకులు చేస్తారు. మీ ఊళ్లో ఆ సదుపాయం లేకపోయినా వంటగది స్లాబు ముక్కల్ని కాలవ గట్టున పోయనివ్వకండి. కాంక్రీటులో వాడే కంకర, ఇసుకలకి ఉన్న ఐఎస్ 383 ప్రమాణాన్ని 2016లో సవరించినప్పుడు ఇలా తీసిన కంకరకి కూడా చోటిచ్చారు. ఊసలు వేసే కాంక్రీటులో ఎం25 అనే బలం గ్రేడు వరకు కంకరలో 20 శాతం దాకా, ఊసలు లేనిదాంట్లో 25 శాతం దాకా ఇది వాడొచ్చు. కానీ అది ప్లాంటులో శుభ్రం చేసి పరీక్షించిన కంకర సంగతి. చేత్తో కొట్టిన ముక్కలైతే గచ్చు కింద నింపడానికి సరిపోతాయి.

కొల్లిపర అబ్బాయి:
అందరికీ థ్యాంక్స్. పాత సామాను కొనే అతనికి ఇవ్వనని చెప్పేశాను. ఇంకొక్కటి: పాత ఇటుక బయటి గోడలకి చాలదు. మిగతాది ఎర్ర ఇటుకా, బూడిద ఇటుకా? బూడిద ఇటుక గోడ బీటలిస్తుందని అమ్మకి టెన్షన్‌గా ఉంది.

బెజవాడ సైట్ ఇంజనీర్:
బూడిద ఇటుకే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మీకు దూరం కాదు, అక్కడ బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతోనే చేస్తారు. బట్టీ అక్కర్లేదు, పంట చేల పైమట్టి తవ్వక్కర్లేదు. అమ్మగారి భయానికి కారణం ఉంది. నీళ్లు సరిగా పట్టని పచ్చి ఇటుక తెచ్చి కడితే అది గోడలో ఉండగా కుంచించుకుపోయి బీటలిస్తుంది. యార్డుకి మీరే వెళ్లి, ఏ తేదీన పోశారో, ఎన్నాళ్లు నీళ్లు పట్టారో అడిగి, ఒకటి విరిచి లోపల చూడండి. పిల్లరు, గోడ కలిసేచోట ప్లాస్టరింగ్ ముందు కోడి మెష్ (సన్న ఇనుప తీగల వల) కొట్టించండి. అక్కడ ఏ ఇటుకైనా బీటలిస్తుంది.