ఆ గోల్ లెఫ్ట్ బ్యాక్ తప్పేనా?

మా ఫుట్‌బాల్ టీమ్ లెఫ్ట్ బ్యాక్‌కి (ఎడమవైపు డిఫెండర్) 19 ఏళ్లు. మొన్నటి డెర్బీలో (లోకల్ ప్రత్యర్థి జట్టుతో మ్యాచ్) అతనికి ఎదురుపడ్డ రైట్ వింగర్ (కుడి అంచు నుంచి దాడి చేసేవాడు) ఎడమకాలి ఆటగాడు, డచ్ వింగర్ ఆర్యెన్ రాబెన్‌లా లోపలికి తిరిగి షాట్ కొట్టే రకం. ఫస్టాఫ్‌లో కుర్రాడు అతన్ని మైదానం అంచు లైన్ వైపే నెట్టి బాగా ఆపాడు. 60వ నిమిషం దాటాక వింగర్ పదేపదే లోపలికి దూసుకొచ్చి, 71లో గోల్ కొట్టాడు. ఫ్రెండ్సంతా కుర్రాడినే తిడుతున్నారు. నాకది అన్యాయం అనిపిస్తోంది.

రీప్లేలు మళ్లీ మళ్లీ చూశాను. కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడేవాడు) ఎక్కడున్నాడో తెలియడం లేదు. ట్యాకిల్స్ (ఎదుటివాడి కాలి దగ్గర బంతి లాక్కోవడం) లెక్కలూ చూశాను, కానీ సరైన చోట నిలబడి పాసే రాకుండా చేసింది అందులో ఎక్కదు కదా.

వింగర్ లోపలికి తిరిగినప్పుడు ఆ దారి మూయాల్సింది లెఫ్ట్ బ్యాకా, పక్కనున్న మిడ్‌ఫీల్డరా?