తోలుబొమ్మకు ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే, బాగుందని రాయాలా?

పోయిన ఆదివారం అనంతపురంలో ఒక బొమ్మల ఎగ్జిబిషన్ చూసొచ్చాను. మా సంఘం పత్రికకు దాని మీద అర పేజీ రాసివ్వాలి, పెన్ను కదలడం లేదు. రాధాకృష్ణులు, సూర్యాస్తమయాలు, కడవలెత్తుకున్న ఆడవాళ్లు... అన్నీ నీటుగానే ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి ఒక్కటీ గుర్తులేదు.

గుర్తున్నది మూలనున్న హనుమంతుడు, మన నిమ్మలకుంట ఊళ్లో చేసే తోలుబొమ్మ. వెనక అట్ట పెట్టి ఫ్రేము కట్టేశారు. ట్యూబ్‌లైట్ కింద మసిబారిన క్యాలెండర్‌లా ఉంది. టేబుల్ మీద ఫ్రేము లేని సీత బొమ్మ ఇంకోటుంటే, అక్కడున్న పిల్లవాణ్ణి అడిగి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఎండ తగలగానే ఎరుపు భగ్గుమంది. హారంలోని చిల్లుల గుండా వెలుతురు చుక్కలు చుక్కలుగా వచ్చి నా చొక్కా మీద పడింది.

పెట్టినవాళ్లు తెలిసినవాళ్లే. అలా మూసిపెట్టడం తప్పని రాస్తే మళ్లీ పెట్టరేమోనని టెన్షన్. ఏమంటారు?

ధర్మవరం నుంచి:
రాయండి సార్. మేకతోలును గీకి గీకి వెలుతురు దూరేంత పల్చగా చేసి, రెండు వైపులా రంగు వేసేది ఎందుకు? వెనక దీపం ఉంటుందనే కదా. వానలు రాకపోతే ఊళ్లో రామాయణం ఆడించేవాళ్లని మా అవ్వ చెప్పేది. ఆముదం దీపాలు, తెల్లారేదాకా ఆట. మధ్యలో నవ్వించే బొమ్మలు బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి మోటు మాటలంటే పెద్దోళ్లు పిల్లల చెవులు మూసేవాళ్లంట. (అయినా అవ్వకు ఆ మాటలన్నీ కంఠతా వచ్చు.)

ఇంకొకరు:
అంత తేలిగ్గా తప్పనకండి. ఆటకు పిలిచేవాళ్లు లేకే కదా బొమ్మలు లాంప్‌షేడ్లయింది. ఫ్రేము కడితే కొంటారు, నాలుగు డబ్బులొస్తాయి. 2020లో నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వస్తే జిల్లా అంతా సంబరపడ్డాం. మనలో ఎంతమందిమి ఒక్క ఆటైనా పూర్తిగా చూశాం? నేనైతే చూడలేదు. అట్ట సంగతి సరే, బొమ్మ కింద చేసినవాళ్ల పేరుందా? అది చెప్పండి ముందు.

హిందూపురం నుంచి:
లేపాక్షిలో మేమూ రెండుసార్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, నంది దగ్గర ఫొటో దిగి వచ్చేశాం. మూడోసారి గానీ తలెత్తలేదు. మండపం కప్పంతా విజయనగర కాలంలో రంగులతో గీసిన బొమ్మలే! ఆ ఆడవాళ్ల చీరల అంచులు చూసీ చూసీ మా ఆవిడకు మెడ పట్టేసింది. మీరు కిటికీ దగ్గరి సంగతితోనే మొదలుపెట్టండి అన్నా. ఎవర్నీ తిట్టే పనిలేదు.

అడిగినవారు:
పేరు చూడలేదు, సిగ్గుగా ఉంది. ఈ సాయంత్రం మళ్లీ పోయాను. హనుమంతుడి కింద చీటీ మీద ‘తోలు’ అని, ధర, అంతే. ఎవరు చేశారో ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు పిల్లవాడు. సీత బొమ్మ టేబుల్ మీద లేదు. పొద్దున ఎవరో కొనుక్కుపోయారట.