పోలో జీటీ ఆటోమేటిక్‌నా, డిజైర్ డీజిలా? జర్మన్, జపాన్ బండ్లలో ఏది నమ్మాలి?

గుంటూరు_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఆరున్నర లక్షల్లోపు సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాను. నాన్నగారికి హైదరాబాద్‌లో చికిత్స జరుగుతోంది, నెలనెలా గుంటూరు నుంచి తీసుకెళ్లి తీసుకురావాలి. దారిలో ఆగిపోని బండి కావాలి, అంతే. రెండు కుదిరేలా ఉన్నాయి: 2017 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఆటోమేటిక్, 2017 మారుతి సుజుకి డిజైర్ డీజిల్ మాన్యువల్. మా బావ జర్మన్ బండికి తిరుగులేదంటాడు. నాన్నేమో జపాన్ కంపెనీదైతే కళ్లు మూసుకుని కొనొచ్చంటారు. ఆఫీసులో ఒకాయన కొరియా బండ్లే మేలంటాడు. అసలు దేశాన్ని బట్టి బండి మన్నిక చెప్పొచ్చా?

హైవే_రాజు:
పోలో తీసుకో బ్రో. నాది మాన్యువల్ పోలో, ఇంతవరకు పేచీ పెట్టలేదు. తలుపు వేస్తే వచ్చే చప్పుడే వేరు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఎయిర్‌బ్యాగులున్న పోలోకి 4 స్టార్లు వచ్చాయి. నాన్నగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి హైవే ఎక్కేటప్పుడు అది చిన్న విషయం కాదు.

ఆటోనగర్_మేస్త్రి:
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో నాకు షెడ్డుంది. రాజు చెప్పింది నిజమే, పోలో బాడీ గట్టిది. కానీ బాడీ గట్టిగా ఉండటం వేరు, దారిలో మొరాయించకపోవడం వేరు. నువ్వడిగింది రెండోది.

ముందు మీ నాన్నగారి మాట చూద్దాం. ఆ డిజైర్ బానెట్ ఎత్తితే కనిపించే 1248 సీసీ డీజిల్ ఇంజిన్ జపాన్‌ది కాదు, ఇటలీ ఫియట్ వాళ్లది. దాన్ని లైసెన్స్ మీద మనేసర్‌లో తయారుచేశారు. అదే ఇంజిన్ టాటా విస్టాలో ఉంది, ఫియట్ పుంటోలో ఉంది, షెవర్లే సెయిల్‌లోనూ ఉంది. అన్నిటికీ నా చేత్తోనే పని చేశాను. లోపల ఇనుము ఒకటే అయినా జనం స్విఫ్ట్‌నీ డిజైర్‌నీ నమ్మారు, పుంటోని నమ్మలేదు. కారణం పార్టులు. మారుతి సామాను ఏ చిన్న టౌనులో అడిగినా దొరుకుతుంది. పుంటోకి లోయర్ ఆర్మ్ కావాలంటే బయటి ఊరి నుంచి బస్సులో వేయించుకోవాలి, అది వచ్చేదాకా బండి జాకీ మీదే. షెవర్లే 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు చెప్పింది. ఫోర్డ్ డీజిల్ ఇంజిన్ అంటే నాకు చాలా ఇష్టం, అయినా నీ పరిస్థితిలో ఉన్నవాళ్లకు కొనమని చెప్పను.

ఇక పోలో. ఇంజిన్ గురించి కాదు నా భయం, గేర్‌బాక్స్ గురించి. 2017 జీటీ టీఎస్ఐలో ఉన్నది ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఆ రెండు క్లచ్‌లూ డ్రై. అంటే ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండవు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో బ్రేకు వదులుతూ పడుతూ బండిని పాకించావంటే ఆ ప్లేట్లు సగం పట్టి సగం జారుతూ కాగిపోతాయి. దానికి తోడు వాల్వులు, పంపు, ఎలక్ట్రానిక్ బోర్డు అన్నీ మెకట్రానిక్ అనే ఒక్క యూనిట్‌లో ఉంటాయి. వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోట ఈ గేర్‌బాక్సుల్లో సింథటిక్ ఆయిల్ వల్ల కరెంటు లోపం వస్తోందని 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచమంతటా 16 లక్షల బండ్లను వెనక్కి పిలిచి మినరల్ ఆయిల్ పోసింది. నువ్వు చూసిన బండి ఆ తర్వాతిదే, కానీ గేర్‌బాక్స్ డిజైన్ అదే. మెకట్రానిక్ పోతే బిల్లు లక్ష దాటుతుంది. రాజు బండి మాన్యువల్ కాబట్టి ఈ గొడవ అతనికి లేదు.

2020 పోలో 1.0 టీఎస్ఐ ఆటోమేటిక్‌లో అదే కంపెనీ ఆ డ్రై క్లచ్‌లు తీసేసి, ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ పెట్టింది. ఆ గేర్‌బాక్స్ జపాన్ ఐసిన్ వాళ్లది. అందుకే దేశం పేరు కాదు, మోడల్, సంవత్సరం, గేర్‌బాక్స్ చెప్పండి అంటాను నేను.

డాలస్_అన్న:
మేస్త్రిగారి మాటకు ఇక్కడి సంగతి ఒకటి జోడిస్తాను. అమెరికాలో వినియోగదారుల కోసం వస్తువుల మన్నిక పరీక్షించే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ సర్వేల్లో టయోటా, లెక్సస్ ఏళ్లుగా పైవరుసలోనే ఉంటున్నాయి. కాబట్టి మీ నాన్నగారి నమ్మకం ఊరికే పుట్టింది కాదు. అయితే 2015లో హ్యుందాయ్ 2011, 2012 సొనాటాలను దాదాపు 4.7 లక్షలు రీకాల్ చేసింది. అలబామా ప్లాంటులో క్రాంక్‌షాఫ్ట్ మెషినింగ్ చేసినప్పుడు మిగిలిపోయిన లోహపు పొట్టు బేరింగులకు ఆయిల్ అందకుండా చేసి ఇంజిన్‌ను దెబ్బతీసింది. 2024లో టయోటా వంతు వచ్చింది. టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ కలిపి సుమారు లక్ష బండ్లు, మళ్లీ మెషినింగ్‌లో మిగిలిన పొట్టే కారణం. నేను నడిపే కామ్రీ కూడా జపాన్‌లో పుట్టింది కాదు, కెంటకీలో తయారైంది.

గుంటూరు_కుర్రాడు:
చాలా థాంక్స్ అన్నా, మేస్త్రిగారూ. డిజైర్ 92 వేలు తిరిగింది. 60 వేల దాకా కంపెనీ సర్వీసు, తర్వాత బయట చేయించామంటున్నారు. ఏమేం చూసుకోవాలి?

ఆటోనగర్_మేస్త్రి:
పొద్దున్నే వెళ్లు. ఇంజిన్ వేడి చేసి పెట్టొద్దని ముందురోజే ఫోన్ చేసి చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. స్టార్ట్ చేశాక మొదటి రెండు సెకన్లు చెవి పెట్టి విను. గరగరమని గొలుసు ఈడ్చినట్టు వినిపిస్తే టైమింగ్ చైన్ సాగిందని అర్థం. ఈ ఇంజిన్‌కి ఆయిల్ ఆలస్యంగా మారిస్తే ముందు దెబ్బతినేది అదే. ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తియ్యి. సన్నటి ఆవిరి ఫర్వాలేదు. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగిపోయినట్టే. తర్వాత రోడ్డెక్కి మూడో గేరులో నొక్కి చూడు, 2000 ఆర్‌పీఎం దగ్గర టర్బో అందుకుని బండి లాగాలి.

ఓనర్‌ని వెంటబెట్టుకుని మారుతి సర్వీస్ సెంటర్‌కి వెళ్లి 60 వేల దాకా హిస్టరీ చూడు. ఆ తర్వాతి ఆయిల్ మార్పులకు బిల్లులు అడుగు. బిల్లుల్లేవు, చైన్ చప్పుడూ ఉంది అంటే ఎంత తగ్గించినా తీసుకోవద్దు. మన జిల్లాల్లో డిజైర్ డీజిళ్లకు కొదవ లేదు, ఇంకొకటి చూద్దాం.